బందిపోటు అంటే ఎవరు?



మనం సభల్లో 'దోపిడీ' అనే మాటను పదిసార్లు వాడతాం. పోలీస్ స్టేషన్‌లో ఆ మాటకు అర్థం వేరు. ముందు అది తెలుసుకుందాం.

వేరొకరి స్వాధీనంలోని చరాస్తిని వాళ్ల అనుమతి లేకుండా, దురుద్దేశంతో కదిలిస్తే దొంగతనం. కొట్టి, భయపెట్టి తీసుకుంటే దోపిడీ. ఆ దోపిడీకి ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిస్తే బందిపోటు దొంగతనం. 1860 శిక్షాస్మృతిలో 391వ సెక్షన్. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 310. శిక్ష యావజ్జీవం దాకా ఉంటుంది. ఏమీ దోచుకోకపోయినా, బందిపోటు కోసం ఐదుగురు గుమిగూడారని రుజువైతే చాలు, ఏడేళ్ల దాకా జైలు.

ఇక్కడిదాకా చట్టం మనిషి చేసిన పనిని చూసింది. 1871 నేరస్థ తెగల చట్టం మనిషి పుట్టుకను చూసింది. 1911లో ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా తిరిగి బతికిన ఎరుకల వాళ్లు రిజిస్టర్లోకి ఎక్కారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పేరు హెరాల్డ్ స్టూవర్ట్ అనే తెల్లదొరది. మచ్చ మాత్రం ఎరుకలది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. తర్వాత 'అలవాటు పడ్డ నేరస్థుల' చట్టాలు వచ్చాయి. రిజిస్టర్ మారింది, అనుమానం మారలేదు. సినిమాలు కూడా ఆ ఊరి పేరును దొంగకు మారుపేరు చేశాయి.

ఇప్పుడు మన కుత్బుల్లాపూర్‌కు రండి. సూరారం, గాజులరామారం వైపు గజం భూమి విలువెంతో మీకు తెలుసు. కానీ భూమి చరాస్తి కాదు. కాబట్టి దాన్ని కబ్జా చేస్తే దొంగతనం కాదు. కొడితే ఆ దెబ్బలకు వేరే సెక్షన్లున్నాయి. దళితుల భూమిని అక్రమంగా ఆక్రమిస్తే 1989 అట్రాసిటీ చట్టం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్లు. 1982 భూ ఆక్రమణల నిషేధ చట్టంలోనూ అంతే.

ఐదుగురు కలిసి బెదిరించి ఒక సెల్‌ఫోన్ గుంజుకుంటే యావజ్జీవం దాకా. ఒక కుటుంబం మూడు తరాల బతుకైన ఎకరం గుంజుకుంటే ఐదేళ్లు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. పేపర్లో 'ముఠా అరెస్టు' అని చూసినప్పుడు సెక్షన్ చదవండి. వాళ్లు దోచారన్నారా, గుమిగూడారన్నారా చూడండి. వాళ్ల కులం పేరు ఎందుకు రాశారో అడగండి.

జై భీమ్.