మన ముత్తాతల పేర్లు ఏ కాగితంలో ఉన్నాయి?

హరిద్వార్ పండాల దగ్గర బహీలనే పొడవాటి పుస్తకాలుంటాయి. తీర్థానికి, పిండప్రదానానికి వచ్చిన కుటుంబాల పేర్లు, తండ్రి తాతల పేర్లు, ఊళ్లు తరతరాలుగా వాటిలో రాస్తూ వచ్చారు. అమెరికాలోని ఉటా వంశచరిత్ర సంఘం వాటిలో చాలావాటిని మైక్రోఫిల్ములుగా తీయించింది. మరి మన పెద్దల పేర్లు ఎవరు రాశారు? తెలుగునేల మీద మాదిగల పుట్టుపూర్వోత్తరాలను డక్కలివాళ్లు పటం విప్పి, జాంబపురాణం చెబుతూ నోటితోనే కాపాడారు. ఆ నోటిమాటను చదువుకున్నవాళ్లు చాలాకాలం చరిత్రగా లెక్కపెట్టలేదు.

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో అద్దె గదుల్లో ఉండి చదువుకుంటున్న తెలుగు బౌద్ధులం కొందరం ఈ ప్రశ్న పట్టుకున్నాం. జాతీయ అభిలేఖాగారం ఈ నగరంలోనే, జన్‌పథ్‌లో ఉంది. 2015లో మొదలైన ‘అభిలేఖ్ పటల్’ వల్ల అందులోని ఎన్నో దస్త్రాలను గదిలో కూర్చునే వెతకవచ్చు. అయితే ఏ పేరుతో వెతకాలో ముందు తెలియాలి. విజయవాడ అని కొడితే చాలదు, బెజవాడ అని కొట్టాలి.

ఊరి పేరు కన్నా మన పేరే ఎక్కువసార్లు మారింది. ఒకే కుటుంబం ఒక కాగితంలో మాల లేదా మాదిగ, మరోదానిలో పంచమ. 1917లో బెజవాడ సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. పంచమ పేరు వద్దని, మనం ఆది ఆంధ్రులమని ఆ సభ చాటింది. ఆ తర్వాతి కాగితాల్లో ఆది ఆంధ్ర కనబడుతుంది. 1930లలో హరిజన అన్నారు, 1935 చట్టంతో షెడ్యూల్డ్ కులాలు అన్నారు. ఈ వరస తెలిస్తే తేదీ చిరిగిపోయిన కాగితానికి కూడా కాలం అంచనా కట్టవచ్చు.

జనాభా లెక్కల పుస్తకాల్లో కులాల మొత్తాలే ఉంటాయి, మనుషుల పేర్లుండవు. పేర్లు కావాలంటే వలస ఓడల జాబితాలు చూడాలి. 1860 నుంచి 1911 వరకు సుమారు 1,52,000 మంది కూలీలు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. ఆ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. మనవాళ్లను గుంపుగా తప్ప చూడని కాలంలో కూలి లెక్క కోసం రాసిన కాగితమే వారిని ఒక్కొక్కరిగా నిలబెట్టింది.

చర్చి పుస్తకాలను వదలకూడదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. మనం ఈరోజు బౌద్ధులమైనంత మాత్రాన ఆ ముత్తాతలు పరాయివారు కారు. కరువులో, అవమానంలో వారు వెతికిందీ మనిషిగా బతికే దారినే.

శ్రాద్ధం పెట్టనని, పిండం పెట్టనని 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ప్రతిజ్ఞ మనది. అలాంటప్పుడు పూర్వీకులను వెతకడం ఎందుకని కొందరు అడుగుతారు. పుట్టుకతో ఎవరూ ఎక్కువా కారు, తక్కువా కారు అన్నదే బుద్ధుని మాట. మన వెతుకులాట గొప్ప వంశం కోసం కాదు. మనల్ని తక్కువగా రాసిందెవరో, ఎప్పుడు రాశారో, దాన్ని మన పెద్దలు ఎలా ఎదిరించారో తెలుసుకోవడం కోసం.

కాగితాలు ఆగుతాయి, ముసలివాళ్లు ఆగరు. కాబట్టి ముందు అమ్మమ్మను, నాయనమ్మను అడగండి. వాళ్లు చెప్పిన పేర్లు, ఊళ్లు, పేటలు ఒక నోటుబుక్కులో రాసి తేదీ వేయండి. అదే మన మొదటి దస్త్రం.