యుగళగీతములు, గ్రామఫోను (తెలుగు)

నాటకరంగమున గొంతెత్తి పాడిన పద్యములే విరివిగా అమ్ముడుపోయిన గ్రామఫోను విపణిలో, మెల్లని కంఠమును సైతము పట్టగల విద్యున్ముద్రణవిధానము 1925 తరువాత వ్యాపించుటచే సాధ్యమైన సుకుమారశైలికి, సాలూరు రాజేశ్వరరావు (1922–1999), రావు బాలసరస్వతీదేవి కలిసి పాడిన లలితగీతములు ఉత్తమోదాహరణములు. బాల్యముననే రికార్డులకు పాడిన ఈ ఇరువురును గూడవల్లి రామబ్రహ్మము దర్శకత్వమున వెలువడిన ‘ఇల్లాలు’ (1940) చిత్రమున నటించి పాడిరి. పది అంగుళముల పలకకు ఒక్కొక్క వైపున ఇంచుమించు మూడు నిమిషములే అవధి. పల్లవి, రెండు మూడు చరణములు, అంతే. ఆ సంకోచమే వీరి పాటకు శోభ యని చెప్పవచ్చును. కథాగీతములకు మాత్రము ఆ మూడు నిమిషములు చాలవు: 1929లో టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియోలో పెద్రో రోచా, లూపే మార్తీనెస్ అను గాయకులు జంటగా స్పానిష్ భాషలో పాడిన గ్రెగోరియో కోర్తెస్ వీరగాథను వొకాలియన్ సంస్థ రెండు వైపులకును పరచవలసివచ్చెను.