వరంగల్ పిల్లలు సైక్లింగ్‌లో యూత్ ఒలింపిక్స్ దాకా వెళ్లాలంటే ఏం చేయాలి?

మీ అబ్బాయో అమ్మాయో రేసింగ్ సైకిల్ కొనమని పట్టుబడుతున్నారా? డబ్బు పెట్టేముందు ఒక్క విషయం తేల్చుకోండి. రోడ్ సైక్లింగ్ వేరు, ట్రాక్ సైక్లింగ్ వేరు. వరంగల్‌లో ఉండి సాధన చేయొచ్చా, హైదరాబాద్ వెళ్లాలా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

యూత్ ఒలింపిక్స్‌లో సైక్లింగ్ 2010 సింగపూర్ క్రీడల నుంచే ఉంది. అప్పట్లో ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి ఒకే జట్టుగా బీఎంఎక్స్, మౌంటెన్ బైక్, రోడ్డు పోటీలు పంచుకున్నారు. తర్వాత పద్ధతి మారుతూ వచ్చింది. సెనెగల్‌లోని డకార్‌లో 2026 అక్టోబరు 31 నుంచి నవంబరు 13 వరకు జరిగే క్రీడల జాబితాలో ఉన్నది రోడ్ సైక్లింగే. 2023లో ట్రినిడాడ్ అండ్ టొబాగోలో జరిగిన కామన్వెల్త్ యూత్ గేమ్స్‌లో మాత్రం రోడ్డు, ట్రాక్ రెండూ పెట్టారు.

ట్రాక్‌తోనే చిక్కు

ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు, గేర్లు మారవు. దాన్ని రోడ్డు మీదికి తేవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఏటవాలు వంపులుండే వెలోడ్రోమ్ తప్పనిసరి. హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది కదా అనొచ్చు. అది పరుగుల ట్రాక్. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది దానిపైనే. సైకిల్‌కు పనికిరాదు. మనకు దగ్గర్లో ఉన్నది 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా క్యాంపస్‌లో కట్టిన వెలోడ్రోమ్. కాజీపేట నుంచి సికింద్రాబాద్ సుమారు 130 కిలోమీటర్లు. స్కూలుకెళ్లే పిల్లలు రోజూ తిరగలేరు.

ఈ కొరత మన ఒక్క ఊరిదే కాదు. 2025 ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌కు ఆతిథ్యం బిహార్‌ది, ట్రాక్ సైక్లింగ్ మాత్రం ఢిల్లీలో జరిగింది. వసతి దొరికితే ఫలితం ఎలా ఉంటుందో కూడా చూశాం. ఢిల్లీ ఇండోర్ వెలోడ్రోమ్‌లో సాధన చేసిన ఈసో అల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ 2019లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో టీమ్ స్ప్రింట్ స్వర్ణం తెచ్చారు.

కాబట్టి ఇక్కడి పిల్లలు రోడ్డుతో మొదలుపెట్టడమే మేలు. అలాగని లారీలు తిరిగే హైదరాబాద్ హైవే మీద ఒంటరిగా వదలొద్దు. హెల్మెట్, వెంట పెద్దవాళ్లు ఉండాల్సిందే.

ఎంపిక, కాగితాలు

ఈ క్రీడలకు మీరే నేరుగా దరఖాస్తు చేయలేరు. జిల్లా, రాష్ట్ర పోటీలు దాటి, సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నిర్వహించే జాతీయ పోటీల్లో కనిపించాలి. ఎంట్రీ పంపేది భారత ఒలింపిక్ సంఘం. ఫీజు కట్టేముందు ఆ సంఘానికి ఫెడరేషన్ గుర్తింపు ఉందో లేదో అడగండి. జిల్లా యువజన, క్రీడల శాఖ కార్యాలయంలోనూ వాకబు చేయొచ్చు.

వయసు లెక్క పుట్టిన ఏడాదిని బట్టి ఉంటుంది. అంతర్జాతీయ నిబంధనల్లో జూనియర్ అంటే ఆ ఏడాది 17 లేదా 18 నిండేవారు. 2026లో చూస్తే, 2009 డిసెంబరులో పుట్టినవారు జూనియర్లు, నెల తేడాతో 2010 జనవరిలో పుట్టినవారు కారు. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూలు రికార్డుల్లో తేదీ ఒకటే ఉందా? ఇప్పుడే చూసుకోండి. పుట్టిన ఏడాది దాటాక నమోదు చేయించాలంటే అధికారుల ఉత్తర్వు కావాలి, దానికి సమయం పడుతుంది.

పోటీలో ఇచ్చే మెరిట్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు నిర్ణీత ఫారాలు ఉన్నాయి: అంతర్జాతీయ పోటీలకు ఫారం-1, జాతీయ పోటీలకు ఫారం-2, జాతీయ పాఠశాల క్రీడలకు ఫారం-4. సంతకాలు ఆ ఏడాదే పెట్టించుకోండి, ఆఫీస్ బేరర్లు మారాక తిరగడం కష్టం.