ఏం పని చేస్తావమ్మా?



పెగడపల్లిలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక పెద్దమ్మ ఉండేది. నడుం నొప్పి అని అంటూంటే ఒకసారి నేనే వెంటబెట్టుకుని జగిత్యాలలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. "ఏం పని చేస్తావమ్మా?" అని ఆయన అడిగాడు. "ఏం పని లేదు బిడ్డా, ఇంట్లనే ఉంట" అన్నది పెద్దమ్మ, తడుముకోకుండా. నాకు ముందు నవ్వొచ్చింది, తరువాత సిగ్గు వేసింది. ఎందుకంటే ముందురోజు పొద్దుగూకేదాకా ఆవిడ నాట్లలో ఉంది. రాత్రి భోజనాలయ్యాక బీడీల చాట ఒళ్ళో పెట్టుకుంది. తెల్లవారి నాలుగు బిందెల నీళ్ళు మోసి మరీ బస్సెక్కింది. ఇవేవీ ఆవిడ లెక్కలో పనులు కావు! డాక్టరు గోలీలు రాసిచ్చి, "బరువులెత్తకు" అన్నాడు. సరేనంది. బరువంటే ఆవిడకు వడ్లబస్తా. బిందె బరువు కిందికి రాదు.

డాక్టరు అడిగిన ఆ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. 1700 సంవత్సరంలో ఇటలీలో బెర్నార్డినో రామజ్జీని అనే వైద్యుడు పనిపాటల వారికి వచ్చే జబ్బులను గురించి ఒక గ్రంథం వెలువరించాడు. రోగిని చూడబోయిన వైద్యుడు పూర్వీకులు చెప్పిన ప్రశ్నలన్నీ అడిగాక, "నీ వృత్తి ఏమిటి?" అని ఇంకొకటి కూడా అడగాలన్నాడు. కుమ్మరులు, నేతగాళ్ళతోబాటు మంత్రసానులను, పాలిచ్చే దాదులను, బట్టలుతికే స్త్రీలను కూడా ఆ పుస్తకంలో చేర్చాడు. పనివల్ల జబ్బు రెండు దారుల్లో వస్తుందని ఆయన అభిప్రాయం. ఒకటి, ముట్టుకునే పదార్థంలోని చెడుగు. రెండోది, ఒళ్ళు అసహజంగా వంచి, ఒకే కదలికను మళ్ళీ మళ్ళీ చేయడం. ఈ రెండోది చదివినప్పుడు నాకు మన పొలాలే కళ్ళకు కట్టాయి.

మన ప్రాంతంలో ఈ వంగుడు ఇంతగా ఎప్పుడు పెరిగిందో చూడండి. 1963 జూలై 26న నెహ్రూగారు పోచంపాడు దగ్గర శంకుస్థాపన చేశారు. అదే శ్రీరాంసాగర్. కాకతీయ కాలువ నీళ్ళు వచ్చాక చెలకలు మడులయ్యాయి, ఒక్క కారు పండేచోట యాసంగి కూడా పండింది. పంట పెరిగింది, ఇళ్ళల్లోకి నాలుగు గింజలు వచ్చాయి, కాదనను. గాని రెండు కార్లంటే రెండుసార్లు నాటు, రెండుసార్లు కలుపు. కాలువ చరిత్ర చెప్పేవారు ఎకరాలు చెబుతారు, టీఎంసీలు చెబుతారు. ఆ ఎకరాలన్నిటిలో ఒక్కొక్క మొక్కనూ బురదలో గుచ్చిన నడుములను ఎవరూ లెక్కపెట్టలేదు.

నడుములో ఏం జరుగుతుందో స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్సన్ అనే ఎముకల డాక్టరు 1960లలో కొలిచి చూశాడు. వెన్నుపూసల మధ్య మెత్తలాంటి డిస్కులోకి సన్నటి సూది పంపి లోపలి ఒత్తిడి తెలుసుకున్నాడు. నిటారుగా నిలబడ్డప్పటికన్నా ముందుకు వంగినప్పుడు ఒత్తిడి సుమారు ఒకటిన్నర రెట్లయింది. వంగి, చేతుల్లో బరువు కూడా పట్టుకుంటే రెండు రెట్లు దాటింది. ఎడమచేత నారుకట్ట పట్టుకుని వెనక్కి వెనక్కి జరిగే మన నాటు ఎలా ఉంటుందో ఇక నేను చెప్పాలా!

సాయంత్రం ఇంటికొస్తే బీడీలు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఈ పని తెలియని వాడకట్టు తక్కువ. సిరిసిల్లలో సాంచాల మీద నేసేది ఎక్కువగా మగవాళ్ళు. కండెలు చుట్టేదీ, బీడీలు చేసేదీ ఆడవాళ్ళు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. అంటే అదే బొటనవేలు అదే వంకర వెయ్యిసార్లు తిరగాలన్నమాట. పదేళ్ళు చేసినామెను అడగండి, మణికట్టు పక్కన, బొటనవేలి మొదట్లో సలుపు ఎలా ఉంటుందో చెబుతుంది. 1895లో స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ ఈ జబ్బును వివరించాడు కనుక ఆయన పేరే దానికి స్థిరపడింది. అంతకు ముందు ఇంగ్లీషు వైద్యులు దీన్ని బట్టలుతికే ఆడవాళ్ళ బెణుకు అనేవారు. పాత పేరే నయమనిపిస్తుంది నాకు. అందులో కనీసం బట్టలు పిండిన చేయి కనబడుతుంది.

బీడీ కార్మికులకు మన దేశంలో 1966లో ఒక చట్టం వచ్చింది, 1976లో సంక్షేమనిధి చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టే స్త్రీ కూడా కార్మికురాలేనని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. అయితే పదే పదే చేసే పనివల్ల మణికట్టు స్నాయువుల తొడుగు వాచే ఈ జబ్బు అంతర్జాతీయ కార్మిక సంస్థవారి వృత్తివ్యాధుల జాబితాలో పేరు పెట్టి కనిపించేది 2010 నాటి సవరణలో. రామజ్జీని చెప్పిన మూడు వందల పదేళ్ళకు!

ఆటలాడే స్త్రీల కథ దీనికి తలకిందులు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే గెలిచింది. పరుగయ్యాక కొందరు అలసి కూలబడ్డారని పత్రికలు గోల చేశాయి, ఆడవారి శరీరం దీనికి తట్టుకోదన్నారు. మళ్ళీ ఆ పరుగు 1960లో రోమ్‌లో గాని రాలేదు. మైదానం చుట్టూ రెండు చుట్లు తట్టుకోలేనివాళ్ళు రోజంతా బురదలో వంగి ఎలా తట్టుకుంటారని మాత్రం ఎవరికీ సందేహం రాలేదు.

మన పక్క జిల్లా నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ సంగతి మీరంతా ఎరుగుదురు. బాక్సింగులో 2017లో ఆమె భుజానికి పెద్ద దెబ్బ తగిలింది. ఆపరేషను అయింది, దాదాపు ఏడాది పోటీలకు దూరమైంది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. మధ్యలో జరిగేది మనం చూడం. ఇటువంటి ఆపరేషను తరువాత మొదట చేయి కదలకుండా ఉంచుతారు. ఆ తరువాత కొద్ది కొద్దిగా కదలిస్తారు, చిన్న బరువుతో బలం తెస్తారు, చిట్టచివరికి గాని గుద్దనివ్వరు. ఈ మెట్ల పద్ధతే నాటుకు పోయే నడుముకూ వర్తిస్తుంది. తేడా ఏమిటంటే ఆ పిల్లకు దెబ్బ తగిలిందని లోకమంతా ఒప్పుకుంది. మన పెద్దమ్మకు దెబ్బ తగిలిందని ఆవిడే ఒప్పుకోదు.

విశ్రాంతి విషయంలో వైద్యులు కూడా మనసు మార్చుకున్నారు. నడుం పడితే వారం, రెండు వారాలు మంచం దిగవద్దనేవారు. 1986లో అమెరికాలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక చెప్పి చూశారు. రెండు రోజుల వాళ్ళకు ఏ నష్టమూ లేదు సరికదా, త్వరగా పనిలోకి వచ్చారు. బెణుకుకు విశ్రాంతి, మంచు, కట్టు, కాలు ఎత్తున పెట్టడం అనే సూత్రం 1978లో చెప్పిన గేబ్ మిర్కిన్ అనే డాక్టరే, అతిగా మంచు పెట్టడం, పూర్తిగా కదలకుండా ఉండటం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తరువాత తన మాట తానే దిద్దుకున్నాడు. మంచం పట్టే తీరిక లేని మనకు ఇది మంచి కబురే. అయితే ఇంట్లోవాళ్ళు దీన్ని "కదలమన్నారుగా, బిందె తే" అని అర్థం చేసుకోకూడదు. కదలడం వేరు, మోయడం వేరు.

కాబట్టి నాటులో ఉన్నప్పుడు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి లేచి, నడుం మీద చేతులుంచి వెనక్కి వంగండి. వరసలో అందరూ కలిసి లేస్తే ఎవరికీ మాట రాదు. పాట అందుకునే ఆమె ఈ బాధ్యత కూడా తీసుకుంటే మంచిది. వంగేటప్పుడు మోకాళ్ళు కొంచెం సడలించి తుంటి దగ్గర వంగాలి. నారుకట్టలు దూరం నుంచి మెలి తిరిగి లాగకుండా ముందే దగ్గరగా వేయించుకోండి. బీడీల ముందు కూర్చునేవాళ్ళు గోడకు ఆనుకుని, చాట కింద చిన్న పీట పెట్టుకుంటే మెడ అంతగా వాలదు. కట్ట కట్టినప్పుడల్లా వేళ్ళు చాచి విదిలించండి. బొటనవేలు సలుపుతుంటే నాలుగు రోజులు చుట్టడం కూతురికో, తోడికోడలికో ఇచ్చి మీరు ఆకు తడపండి, కట్టలు లెక్కపెట్టండి. నడుం పట్టి తగ్గాక మొదటిరోజే పూర్తి నాటుకు దిగక, ఒక పూట చేసి చూడాలి. గుత్త నాటుల్లో ఇది కుదరదంటారు. నిజమే, అక్కడ ముఠా అంతా ఒక మాట మీద ఉండాలి.

గట్టు మీద జారి మడమ మడతపడితే వెంటనే నూనె పోసి గట్టిగా తోమకండి, లోపల చినిగినచోట వాపు ఎక్కువవుతుంది. చన్నీళ్ళ గుడ్డ వేసి, మెత్తగా కట్టి, కాలు ఎత్తున పెట్టండి. పుత్తూరు కట్టు పేరు చెప్పి వెదురుబద్దలు బిగించేవాళ్ళు అంతటా ఉన్నారు. బద్ద కింద వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ కట్టు క్షణం ఉంచకూడదు. విరిగిందో లేదో అనుమానముంటే ఒట్టావా వైద్యులు 1992లో చెప్పిన సులువు గుర్తుంచుకోండి. దెబ్బ తగిలిన కాలితో నాలుగడుగులు వేయలేకపోయినా, మడమ పక్క ఎముకల మీద నొక్కితే నొప్పి ప్రాణం తీస్తున్నా ఫొటో తీయించాలి.

నడుం నొప్పితోబాటు కాలు పట్టు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, జ్వరం, వీటిలో ఏది కనిపించినా అది వట్టి నాటు నొప్పి కాదు. నాటు అయ్యేదాకా చూద్దామనుకోవద్దు. అర్ధరాత్రయినా సరే, బండి కట్టించుకుని పెద్దాసుపత్రికి వెళ్ళండి.