వర్ధినేని ప్రణీత

వర్ధినేని ప్రణీత (జననం 1990) విలువిద్య క్రీడాకారిణి. స్వగ్రామం వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ. ఊళ్లోని రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ బడిలో చదువుకుంటూ విల్లు పట్టింది. పద్దెనిమిదేళ్లు నిండకముందే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రికర్వ్ విల్లుతో బరిలోకి దిగింది.

గురి 70 మీటర్ల దూరం. అర్హత దశలో 72 బాణాలకు 720 పాయింట్లు గరిష్ఠం కాగా, ఆమెకు 627 వచ్చాయి, స్థానం 37. ఆ తర్వాత పన్నెండేసి బాణాల ముఖాముఖి పోరు. తొలి రౌండులో ఆస్ట్రేలియాకు చెందిన జేన్ వాలర్‌ను 106-100తో ఓడించింది. రెండో రౌండులో ఉత్తర కొరియా విలుకత్తె క్వోన్ ఉన్ సిల్ ముందు 99-106తో నిలవలేకపోయింది.

జట్టు విభాగంలో డోలా బెనర్జీ, బొంబాయిలా దేవిలతో కలిసి ఆడింది. ఆతిథ్య చైనా చేతిలో ఓటమి 206-211. ఇరవై నాలుగు బాణాల మీద తేడా అయిదే పాయింట్లు. ఆ చైనా జట్టే చివరికి రజతం గెలిచింది. తొలి ఒలింపిక్స్ ఆడుతున్న పల్లెటూరి పిల్లకు ఇది చిన్న ప్రదర్శనేం కాదు.

పారిస్ పారాలింపిక్స్ (2024) టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగం 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన జివాంజి దీప్తిదీ కల్లెడే.