కంప్యూటర్ ఎవరి గదిలో ఉండేది?

కామడోర్ 64, సింక్లెయిర్ స్పెక్ట్రమ్, ఆపిల్ టూ... టీవీకి తగిలించుకుని, క్యాసెట్ టేపు నుంచి ప్రోగ్రాం ఎక్కేదాకా నిమిషాల తరబడి కాచుకున్న ఆ తొలి ఇంటి కంప్యూటర్లని ఎందరో మురిపెంగా తలుచుకుంటున్నారు. ఆ జ్ఞాపకాల్లో చాలావరకు ఒక అబ్బాయి ఉంటాడు, కొనిచ్చిన నాన్న ఉంటాడు. మరి ఆ ఇంటి ఆడపిల్లలేరీ?

అమెరికా సంగతే చూద్దాం. 1945లో ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాములు సిద్ధం చేయడానికి ఎంపికైంది ఆరుగురు స్త్రీలు. 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు అందుకున్నవాళ్లలో దాదాపు 37 శాతం ఆడవాళ్లే. 2010 నాటికి అది 18 శాతానికి పడిపోయింది.

కారణాలు అనేకం. ఒకటి మాత్రం ఇంట్లోనే ఉంది. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ 1990ల చివర కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులని అడిగి తెలుసుకుని, 2002లో పుస్తకం తెచ్చారు. ఇంటికొచ్చిన కంప్యూటర్ తరచుగా కొడుకు గదిలోకే చేరేదట. వ్యాపార ప్రకటనలూ అబ్బాయిలనే చూపేవి. కాలేజీలో చేరేసరికి అతనికి ఏళ్ల అలవాటు, ఆమెకి అప్పుడే మొదలు. ఆ తేడాకే 'సహజ ప్రతిభ' అని పేరుపెట్టారు.

అక్కడ ప్రవేశ నియమాలు మార్చారు. అనుభవం లేనివాళ్లకి వేరే తొలి కోర్సులు పెట్టారు. కొత్తగా చేరే అమ్మాయిలు 1995లో 7 శాతం, 2000లో 42 శాతం!

పాత యంత్రాల మీద మమకారాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఆ గది గుమ్మంలో నిలబడి చూసిన ఆడపిల్లలు కూడా తమ జ్ఞాపకాలు రాయాలి. అప్పటిదాకా ఆ చరిత్ర సగమే.