కొల్లేటి లంకలు

కొల్లేరు సరస్సు గర్భంలో మెరక దిబ్బల మీద వెలసిన ఊళ్లను కొల్లేటి లంకలంటారు. సరస్సు లోపలి లంక గ్రామాలు 46, చుట్టూ ఒడ్డున ఉన్నవి 76 అని చెప్పడం పరిపాటి. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, కొవ్వాడలంక, పైడిచింతపాడు, శృంగవరప్పాడు, కొల్లేటికోట వీటిలో పేరున్నవి. ఎక్కువ ఊళ్లు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, రెండు డెల్టాల మురుగు కాలువలు ఇందులో కలుస్తాయి. నీరు బయటపడే దారి ఉప్పుటేరు ఒక్కటే, అది బంగాళాఖాతంలో కలుస్తుంది. వచ్చే దారులు ఎన్నో, పోయే దారి ఒకటే కావడం వల్ల వానాకాలంలో సరస్సు విపరీతంగా పరుచుకుంటుంది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు కాంటూరు వద్ద దీని విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు, పదడుగుల వద్ద 901. లంకవాసుల బతుకంతా ఈ రెండు అంకెల మధ్యే సాగుతుంది.

ఎగువన తెలంగాణలోని వికారాబాద్, తాండూరు ప్రాంతానికి కూడా ఈ సరస్సుతో నీటి చుట్టరికం ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా హైదరాబాద్ మీదుగా సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. తాండూరు పక్కగా పారే కాగ్నా పడమరగా కర్ణాటకలోకి వెళ్లి భీమలో చేరి, దానితో పాటు కృష్ణకే చేరుతుంది. వేర్వేరు దిక్కులకు పోయిన నీళ్లు కృష్ణలో ఒకటై, ప్రకాశం బ్యారేజీ దగ్గర డెల్టా కాలువల్లోకి మళ్లుతాయి. పొలాలు తడిపాక మిగిలిన నీటిలో కొంత కొల్లేటికి చేరుతుంది. వికారాబాద్ జిల్లాలో కోట్‌పల్లి జలాశయానికి పడవ షికారు కోసం జనం వస్తారు గానీ, ఆ మెట్ట నేలలో నీళ్ల నడుమ కాపురాలుండే ఊళ్లు లేవు. అలాంటి ఊరు చూడాలంటే నీటి వెంట దిగువకు, కొల్లేటికే రావాలి. వికారాబాద్ జంక్షన్ మీదుగా బీదర్, మచిలీపట్నం మధ్య నడిచే రైలు గుడివాడలో ఆగుతుంది. అక్కడి నుంచి కొల్లేటి పక్కనున్న కైకలూరు దగ్గరే.

ప్రపంచంలో నీళ్ల నడుమ సాగే ఇటువంటి జీవనానికి ప్రసిద్ధి చెందిన చోటు పెరూ, బొలీవియా సరిహద్దులోని టిటికాకా సరస్సు. అది 3,812 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి ఉరోస్ జనం టొటోరా అనే రెల్లును పొరలు పొరలుగా పరిచి, తేలే దీవులు కట్టుకుంటారు. అడుగు పొర కుళ్లుతుంటే పైన కొత్త పొర వేస్తారు. కొల్లేటి లంకలు తేలవు. ఇక్కడ మట్టి పోసి నేలనే ఎత్తు చేసుకున్నారు. జమ్ము, కిక్కిస, తుంగ వంటి నీటి మొక్కలు మాత్రం ఇక్కడా విరివిగా దొరుకుతాయి. ఇప్పుడు వీటితో పోటీగా గుర్రపుడెక్క కాలువలను కమ్మేస్తోంది.

లంకల్లో ప్రధానంగా వడ్డి కులస్థులు, దళితులు ఉంటారు. చేపల వేటే మొదటి జీవనాధారం. తాటిమొద్దు తొలిచిన దోనె, నాటుపడవ, వల, వెదురు మావులు పాత పనిముట్లు. కొరమీను, జెల్ల, మట్టగిడస పేరున్న చేపలు. 1970ల దశకంలో ప్రభుత్వం మత్స్యకార సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది. తర్వాత పెట్టుబడిదారుల చెరువులు సరస్సును ఆక్రమించాయి. 1999లో అయిదడుగుల కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువు గట్లు కొట్టేశారు. సరస్సును కాపాడటం తప్పనిసరే. కానీ చెరువులతో పాటు పోయిన జీవనోపాధికి లంకల పేదలకు తగిన బదులు దొరకలేదన్నది ఈ కథలో మరవకూడని భాగం.

చుట్టూ నీళ్లున్నా తాగడానికి నీళ్లుండవు. కాలుష్యం, ఉప్పదనం వల్ల డబ్బా నీళ్లు కొనుక్కోక తప్పని ఇళ్లు ఎన్నో. లంకకు వెళ్లే అతిథి తన తాగునీరు తాను తెచ్చుకోవడం మర్యాద.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ అమ్మవారికి ఏటా ఫాల్గుణ మాసంలో జాతర జరుగుతుంది. గుడికి వచ్చేవారు సర్కారు కాలువను పంటు మీద దాటడం ఆనవాయితీ. రెండు పడవలను పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిస్తే పంటు. మనుషులు, మోటారు సైకిళ్లు, పూజాసామగ్రి అన్నీ దాని మీదే. కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రంలో అటవీశాఖ అమర్చిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. వాటిని చూడటానికి నవంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం.

బుడమేరు పొంగిన ఏళ్లలో, 2024 సెప్టెంబరులో మాదిరిగా, పెదఎడ్లగాడి వంతెన వద్ద నీటిమట్టం పెరిగి లంకలకు రాకపోకలు ఆగుతాయి. అలాంటప్పుడు సందర్శన వాయిదా వేసుకోవాలి. ఉన్న కొద్ది పడవలు ఆ రోజుల్లో ఊరివాళ్లకే కావాలి.